సొంత పాటతో నిలదొక్కుకోవడం ఎలా: ఒప్పంద కాగితం నుంచి పెళ్లి స్టేజీ దాకా

రికార్డింగుకి, షూటింగుకి వేలకి వేలు పోసేవాళ్లే ఆ పాట ఎవరిదో రాసుకోవడానికి ఒక స్టాంపు పేపరు కొనరు. సినిమాకి బయట తెలుగులో పాటలు చేసేవాళ్ల కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. పాట ఆడకపోతే ఎవరూ ఏమీ అడగరు. కోటి వ్యూస్ దాటాకే రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, ఛానెల్ నడిపేవారు నలుగురూ 'ఇది నాది' అంటారు. కాబట్టి ప్రచారం గురించి ఆలోచించే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. మీరు డప్పు కొట్టి జనంలోకి తీసుకెళ్లబోయే పాట మీదేనా? అమ్మేసిన పాటకి ఎంత ప్రచారం చేసినా అది కొన్నవారికి చేసిన ప్రచారమే.

డబ్బు ఎటు నుంచి వస్తుంది

తెలుగులో స్వతంత్రంగా పాడేవాళ్లకి, బాణీలు కట్టేవాళ్లకి ఆదాయం వచ్చే దారులు నాలుగైదు ఉన్నాయి. ఒకటి స్టేజీ: పెళ్లి సంగీత్‌లు, వినాయక మంటపాలు, జాతరలు, కాలేజీ ఫెస్టులు, కంపెనీల వార్షికోత్సవాలు. రెండోది స్టూడియో పని: ట్రాక్ పాడటం, కోరస్, కీబోర్డు ప్రోగ్రామింగ్, మిక్సింగ్. మూడోది సొంత విడుదలలు. నాలుగోది శాస్త్రీయ, భక్తి సంగీత సభలు. వీటికి తోడు సంగీత పాఠాలు.

మొదటి రెండు మూడేళ్లు ఇల్లు గడిచేది స్టేజీ మీద, స్టూడియో పని మీద, పాఠాల మీదే. యూట్యూబ్ డబ్బుతో నెల గడుస్తుందని లెక్క వేసుకుని ఉద్యోగం మానేయకండి. సొంత పాట తొలి రోజుల్లో ఇచ్చేది ఆదాయం కాదు, పిలుపు. 'ఆ పాట పాడినమ్మాయి కావాలి' అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ మీకే రావాలి, ఛానెల్ యజమానికి కాదు. రికార్డింగు హక్కు మీ దగ్గర ఉంటే ఆ పాటే తర్వాత ఏళ్ల తరబడి చిన్న చిన్న మొత్తాలు తెచ్చిపెట్టే ఆస్తి అవుతుంది.

శాస్త్రీయ, లలిత, జానపద గాయకులు ఆకాశవాణి ఆడిషన్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. మీ దగ్గరి కేంద్రంలో దరఖాస్తు పెట్టుకోవాలి. విభాగాలు విడివిడిగా ఉంటాయి, గ్రేడ్లు బి నుంచి బి-హై, ఏ, టాప్ దాకా. రేడియో ఇచ్చే పారితోషికం కంటే 'ఆకాశవాణి గ్రేడ్ కళాకారులు' అన్న మాటకి సభల్లో, సాంస్కృతిక శాఖ కార్యక్రమాల్లో ఉన్న విలువే ఎక్కువ. భక్తి సంగీతం వాళ్లకి తిరుమలలో టీటీడీ నిర్వహించే నాద నీరాజనం వేదిక ఉంది. ఆ కచేరీలు ఎస్వీబీసీలో ప్రసారమవుతాయి కాబట్టి తర్వాత ప్రతి ఆలయ కమిటీకీ చూపించుకోవడానికి మంచి రికార్డు మిగులుతుంది. 18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండి గురువు దగ్గర నేర్చుకుంటున్నవాళ్లు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకి 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. ప్రకటన వచ్చినప్పుడు గడువులోపే పంపాలి.

అమ్మాలా, ఉంచుకోవాలా

జానపద పాటల్లో ఎక్కువగా జరిగే బేరం ఇలా ఉంటుంది. ఛానెల్ యజమాని రికార్డింగు, షూటింగు ఖర్చులన్నీ పెట్టుకుంటాడు. రచయితకి ఇంత, గాయనికి ఇంత అని చేతిలో పెడతాడు. పాట మొత్తం ఛానెల్‌దే. ఇది మోసమేమీ కాదు, డబ్బు పెట్టిన మనిషి నష్టాన్ని కూడా తనే మోస్తున్నాడు. పేరు ఇంకా ఎవరికీ తెలియని దశలో, లక్షల చందాదారులున్న ఛానెల్‌కి ఒకటి రెండు పాటలు ఇలా ఇవ్వడం తెలివైన పనే. పదో పాట కూడా ఇలాగే ఇస్తున్నారంటే తప్పు మీదే.

ఇచ్చే ఆ ఒకటి రెండు పాటలకీ కొన్ని షరతులు అడగాలి. వీడియో టైటిల్లో గాని, డిస్క్రిప్షన్ మొదటి రెండు లైన్లలో గాని మీ పేరు, మీ ఛానెల్ లింకు ఉండాలి. పాటని స్టేజీ మీద పాడుకునే స్వేచ్ఛ మీకుండాలి. గొంతు లేని కరోకే ట్రాక్ మీకివ్వాలి. ఎన్నేళ్లకి ఇస్తున్నారో అంకెలో రాయాలి. వీటిలో ఏదీ ఛానెల్ యజమానికి ఖర్చు కాదు, కాబట్టి గట్టిగా అడిగితే ఇస్తారు. అడగకపోతే ఎవరికీ గుర్తు రాదు.

చట్టం ఏమంటుందో తెలిస్తే అడగడం తేలికవుతుంది. ఒకే పాటలో నాలుగు హక్కులున్నాయి. సాహిత్యం రచయితది, బాణీ స్వరకర్తది, రికార్డింగు దాన్ని పూనుకుని చేయించిన నిర్మాతది, తన గాత్రం మీద హక్కు గాయకులది. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. 'ఫోన్‌లో ఒప్పుకున్నావు కదా' అన్న మాట చాలదు. గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్క. తీసుకున్న హక్కుని ఏడాదిలోపు వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అది రద్దయినట్టే. ఛానెళ్ల ఒప్పందాల్లో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో' అన్న వాక్యం పెట్టేది ఇందుకే. ఆ లైను దగ్గర ఆగి 'శాశ్వతంగా' కొట్టేసి '5 సంవత్సరాలు' అని రాయించండి.

2012 సవరణ రచయితలకి, స్వరకర్తలకి ఇంకో రక్షణ ఇచ్చింది. హక్కులు బదిలీ చేసినా రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు వాళ్లతోనే ఉంటుంది. దాన్ని వారసులకి, లేదా రాయల్టీ వసూలు చేసే సొసైటీకి తప్ప ఎవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినా చెల్లదు. సినిమాకి పాట ఇచ్చినా ఈ రక్షణ ఉంటుంది, థియేటర్లో సినిమాతో పాటు ఆడించినప్పుడు తప్ప. ఈ డబ్బు చేతికి రావాలంటే మాత్రం రచయితలు, స్వరకర్తలు తమ తరఫున రాయల్టీ వసూలు చేసే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై, ప్రతి పాటనీ అక్కడ నమోదు చేయాలి. గాయకులకి ఐఎస్ఏఎంఆర్ఏ అన్న అలాంటి సొసైటీయే ఉంది. సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయకుండా వదిలేసేవాళ్లు చాలామంది. పాట పేరు లెక్కల్లో లేకపోతే వచ్చిన డబ్బు మీ పేరున జమ కాదు.

రికార్డింగు రోజే రాయాల్సిన ఒక్క పేజీ

దీనికి వకీలు అక్కర్లేదు. స్టూడియోలోనే తెలుగులో రాసి, అందరూ సంతకం పెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టుకుంటే చాలా గొడవలు పుట్టకముందే ఆగిపోతాయి. ఇలా రాయవచ్చు:

పాట పేరు, రికార్డయిన తేదీ, స్టూడియో. సాహిత్యం: ఫలానా వారు, 50 శాతం. బాణీ: ఫలానా వారు, 50 శాతం. రికార్డింగు యాజమాన్యం: ఖర్చు పెట్టిన ఫలానా వారు. గాయనికి పారితోషికం ఇంత, చెల్లించడమైంది. ఖర్చు తిరిగి వచ్చాక రికార్డింగు రాబడిలో గాయనికి 10 శాతం. కీబోర్డు ప్రోగ్రామింగ్, మిక్సింగ్: పారితోషికం ఇంత, పూర్తిగా చెల్లించడమైంది, తర్వాతి రాబడిలో వాటా లేదు. లెక్కలు చూపేది: ప్రతి మూడు నెలలకి, ఫలానా వారు. పాటని స్టేజీ మీద పాడుకునే స్వేచ్ఛ: అందరికీ.

శాతాలు మీ ఇష్టం. ఇందులో ఎక్కువ గొడవలు తెచ్చే లైను కీబోర్డు ప్రోగ్రామర్‌ది. పల్లవికి ముందు వచ్చే మ్యూజిక్ బిట్ ఆయన కట్టిందే అయి, జనం రీల్స్‌లో వాడేది అదే బిట్ అయితే, ఆయన తర్వాత వాటా అడగడం న్యాయమే అనిపిస్తుంది. అందుకే ఆ మాట రికార్డింగు రోజునే తేల్చాలి. బాణీలో వాటా ఇవ్వండి, లేదా ఎక్కువ పారితోషికం ఇచ్చి అలాగే రాయండి.

సంప్రదాయ పాట తీసుకుంటే ఇంకో జాగ్రత్త కావాలి. బతుకమ్మ పాట, నాట్ల పాట, ఉయ్యాల పాట ఏ ఒక్కరిదీ కాదు. మీకు హక్కుండేది మీ రికార్డింగు మీద, మీరు కొత్తగా చేర్చిన చరణాల మీద మాత్రమే. 'రచన, సంగీతం' అని మీ పేరు వేసుకోకుండా 'సంప్రదాయం' అని వేసి, ఏ అవ్వ దగ్గర విన్నారో ఆమె పేరు 'సేకరణ' కింద, ఆమె ఒప్పుకున్నట్టే రాయండి. ఆమెకి డబ్బు కూడా ఇవ్వండి. చట్టం అడగకపోయినా అది న్యాయం.

స్టూడియో నుంచి ఏమేమి తీసుకోవాలి

ఎంపీ3 ఒక్కటి తీసుకుని ఇంటికి రావద్దు. 24 బిట్ వేవ్ ఫార్మాట్లో మాస్టర్ (విడుదలకి సిద్ధమైన తుది ఫైలు), కరోకే ట్రాక్, గొంతు మాత్రమే ఉన్న ట్రాక్, వాయిద్యాల వారీగా విడి ట్రాకులు, వీటన్నింటినీ పెన్‌డ్రైవ్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి దాచుకోండి. స్టూడియో హార్డ్ డిస్క్ పోయిందన్న మాట ఎప్పుడో ఒకసారి వినక తప్పదు. కరోకే ట్రాక్ లేకపోతే సొంత పాటనే స్టేజీ మీద పాడలేరు. విడి ట్రాకులుంటే రెండేళ్ల తర్వాత డీజే వెర్షన్ చేయించడానికి మళ్లీ ఖర్చుండదు.

మాస్టరింగ్‌లో, అంటే మిక్స్ అయ్యాక పాటకి ఇచ్చే చివరి మెరుగులో, శబ్దం ఎంత ఉండాలన్నది వాదనగా మారుతుంటుంది. స్పాటిఫై, యూట్యూబ్ రెండూ బాగా గట్టిగా ఉన్న పాటని సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టిదనం కొలత) దగ్గరికి తగ్గించి వినిపిస్తాయి. అంతకంటే గట్టిగా నొక్కి చేయించినందుకు అక్కడ లాభం లేదు, డప్పు దెబ్బ చదునైపోవడం తప్ప. ట్రూ పీక్, అంటే శబ్దం తాకే అత్యధిక స్థాయి, -1 డీబీ దాటకుండా చూడమనండి. దాటితే ఆన్‌లైన్‌లో ఫైల్ సైజు తగ్గించేటప్పుడు గొంతు మీద గరగర వస్తుంది. మిక్స్ ఒప్పుకునే ముందు స్టూడియో స్పీకర్లలోనే కాదు, మామూలు ఫోన్ స్పీకర్‌లో, ఆటోలో విని చూడండి. ఫోన్‌లో ప్రతి మాటా తెలియకపోతే గొంతుని పైకి తెమ్మని అడగాలి. తెలుగు పాటని జనం మొదట పట్టుకునేది మాటతోనే.

డిస్ట్రిబ్యూటర్, పేరు, ఫారం

స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్, అమెజాన్ మ్యూజిక్, ఇన్‌స్టాగ్రామ్ ఆడియో లైబ్రరీ, వీటిలోకి పాట నేరుగా ఎక్కించలేం, డిస్ట్రిబ్యూటర్ ద్వారానే వెళ్లాలి. వీళ్లలో మూడు రకాలు. ఏడాదికింత అని కట్టించుకుని ఎన్ని పాటలైనా ఎక్కించేవాళ్లు ఒక రకం, డిస్ట్రోకిడ్ అలాంటిది. పాటకి ఒక్కసారి రుసుము తీసుకుని రాబడిలో శాతం పట్టుకునేవాళ్లు రెండో రకం, సీడీ బేబీ ఈ పద్ధతి. ముందు డబ్బు అడక్కుండా రాబడిలో పెద్ద వాటా తీసుకునేవాళ్లు మూడో రకం. ఏడాదికి నాలుగు పాటలకి మించి చేస్తే మొదటి రకం చవక. కానీ చందా కట్టడం మానేస్తే పాటలు దిగిపోయే ప్రమాదం ఉంది. ఏడాదికి ఒక్క పాట చేసేవాళ్లకి రెండోదే నయం. మూడో రకంలో ఒప్పందం ఎన్నేళ్లో, బయటికి వచ్చే దారి ఏమిటో చదవకుండా సంతకం చేయొద్దు.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర పాట ఎక్కించేటప్పుడు నింపే ఫారంలో ప్రతి రికార్డింగుకీ దాన్ని గుర్తుపట్టే 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వస్తుంది. డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. దాన్ని పాత డైరీలో రాసినట్టు రాసి దాచండి. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చేటప్పుడు అదే కోడ్ వాడితేనే పాత వినికిడి లెక్క కొత్త చోటికి వస్తుంది. కొత్త కోడ్ తీసుకుంటే సున్నా నుంచి మొదలు. కవర్ ఫోటో 3000 బై 3000 పిక్సెళ్ల చదరం ఉండాలి. దాని మీద ఫోన్ నంబరు, సోషల్ మీడియా గుర్తులు ఉంటే వెనక్కి పంపేస్తారు. మన పోస్టర్ డిజైనర్లకి నంబర్లు వేయడం అలవాటు కాబట్టి ముందే చెప్పాలి.

పేరు విషయంలో తొందర వద్దు. సౌజన్య అన్న పేరుని ఇంగ్లీషులో ఎస్ తర్వాత ఓడబ్ల్యూ పెట్టి, ఓయూ పెట్టి, ఏయూ పెట్టి మూడు రకాలుగా రాస్తారు. మూడు పాటల మీద మూడు రకాలుగా పడితే యాప్‌లో ముగ్గురు సౌజన్యలు తయారవుతారు, ఎవరికీ అభిమానులు మిగలరు. ఒక్క స్పెల్లింగు ఎంచుకుని, అది ఖాళీగా ఉందో లేదో స్పాటిఫైలో, యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికి చూసి, ఇంటిపేరో ఊరిపేరో చేర్చి స్థిరపరుచుకోండి. భాష గడిలో తప్పకుండా తెలుగు ఎంచుకోండి. హిందీయో ఇంగ్లీషో ఉండిపోతే తెలుగు ప్లేలిస్టులు చూసేవాళ్ల దాకా పాట చేరదు. ప్రివ్యూ ఎక్కడ మొదలవ్వాలని ఫారం అడిగితే పల్లవి మొదలయ్యే సెకను ఇవ్వండి, ఆలాపన కాదు.

కంటెంట్ ఐడీ అన్న గడి దగ్గర ఆగాలి. ఇతరులు మీ పాట వాడుకుంటే యూట్యూబ్ గుర్తుపట్టి ఆ రాబడి మీకు ఇచ్చే ఏర్పాటు ఇది. పాటలో ప్రతి శబ్దమూ మీదైతేనే టిక్ పెట్టండి. ఆన్‌లైన్‌లో కొన్న బీట్, ఉచిత లూప్ (తిరిగి తిరిగి వాడే రెడీమేడ్ సంగీతపు ముక్క) వాడితే అదే బీట్ కొన్న ఇంకో పదిమంది వీడియోలకి మీ పేరున క్లెయిమ్ (ఆ శబ్దం నాదే అన్న దావా) పడుతుంది, వాళ్లవి మీకు పడతాయి. చివరికి డిస్ట్రిబ్యూటర్ మీ ఖాతానే ఆపేస్తాడు. టిక్ పెట్టాక మీ సొంత ఛానెల్‌ని మినహాయించమని చెప్పకపోతే మీ వీడియోకే మీ క్లెయిమ్ వస్తుంది.

సంప్రదాయ పాట మీద వేరేవాళ్ల క్లెయిమ్ వస్తే భయపడొద్దు. యూట్యూబ్ స్టూడియోలో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేసి, పాట సంప్రదాయమని, రికార్డింగు మీదని రాయండి. అవతలివాళ్లకి 30 రోజుల గడువుంటుంది, జవాబివ్వకపోతే క్లెయిమ్ పోతుంది. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి రాబడి పక్కన భద్రంగా ఉంటుంది. ఆలస్యం చేస్తే డిస్ప్యూట్ వేసిన రోజు నుంచే.

సినిమా పాటల కవర్లు వేరే సంగతి. గొంతు పరిచయం చేసుకోవడానికి పనికొస్తాయి గాని ఆ వీడియో రాబడి సాధారణంగా ఆడియో కంపెనీకే వెళుతుంది. కొన్ని కంపెనీలు వీడియోనే ఆపేస్తాయి. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రయిక్‌లు (యూట్యూబ్ ఇచ్చే హెచ్చరికలు) పడితే ఛానెలే పోతుంది. సొంత పాటలున్న ఛానెల్‌ని కవర్ల కోసం పణంగా పెట్టకండి. కవర్లకి ఇన్‌స్టాగ్రామ్ చాలు.

యూట్యూబ్ లెక్కలు

ప్రకటనల రాబడి రావాలంటే 1,000 మంది చందాదారులు, దాంతో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గాని, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గాని ఉండాలి. మామూలు వీడియో ప్రకటనల్లో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం మీకు ఇస్తారు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం, మీరు డబ్బు పెట్టి నడిపిన ప్రకటనల ద్వారా చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రావు. ఇది తెలియక గూగుల్ యాడ్స్‌లో వేలు పోసి, వ్యూస్ పెరిగినా గంటలు పెరగలేదేమని తలపట్టుకునేవాళ్లు చాలామంది.

పూర్తి పాట వీడియోతో పాటు కరోకే వీడియో, తెలుగు లిపిలో సాహిత్యం కనిపించే లిరికల్ వీడియో, పిల్లలు స్టేజీ మీద ఆడటానికి డాన్స్ ట్రాక్, ఇలా ఒకే పాటని నాలుగు రకాలుగా పెట్టండి. కరోకే వీడియోలు మెల్లగా మొదలై ఏళ్ల తరబడి నడుస్తాయి, ఎందుకంటే బడి వార్షికోత్సవాలు ప్రతి ఏడూ వస్తాయి.

యూట్యూబ్ రాబడి చెల్లించే గూగుల్ ఖాతా ఆడ్‌సెన్స్‌లో పన్ను ఫారం నింపడం వాయిదా వేయకండి. అమెరికాలో చూసినవారి నుంచి వచ్చిన రాబడి మీద ఆ దేశం పన్ను పట్టుకుంటుంది. డబ్ల్యూ-8బెన్ ఫారంలో భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందాన్ని ఎంచుకుని పాన్ నంబరు ఇస్తే అది 15 శాతం. ఫారమే ఇవ్వకపోతే ప్రపంచం మొత్తం రాబడిలో 24 శాతం దాకా పోవచ్చు. తెలుగు పాటలకి అమెరికా శ్రోతలు గణనీయంగా ఉంటారు కాబట్టి ఇది చిన్న మొత్తం కాదు. రాబడి 10 డాలర్లు చేరాక చిరునామాకి పిన్ ఉత్తరం వస్తుంది. ఆడ్‌సెన్స్‌లో రాసిన చిరునామా, పోస్ట్‌మ్యాన్‌కి తెలిసిన చిరునామా ఒకటే అయి ఉండాలి. 100 డాలర్లు దాటాకే బ్యాంకులో పడుతుంది.

విడుదల ఎప్పుడు

పండగ పాట పండగ రోజున విడుదల చేస్తే ఆలస్యమైనట్టే. బతుకమ్మ పాట ఎంగిలిపూల నాటికి డీజేల పెన్‌డ్రైవుల్లో, ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉండాలంటే కనీసం మూడు వారాల ముందు రావాలి. ఇక్కడో చిక్కు ఉంది. గునుగు పూలు వానాకాలం చివర్లో గాని దొరకవు, అవి లేకుండా బతుకమ్మ షూటింగు వెలితిగా ఉంటుంది. పూల కోసం ఆగితే విడుదల వెనక్కి పోతుంది. దీనికి మార్గం ఆడియోని, లిరికల్ వీడియోని ముందే వదిలి, షూట్ చేసిన వీడియోని పండగకి వారం ముందు పెట్టడం. ఒకే పాటకి రెండుసార్లు ప్రచారం దక్కుతుంది కూడా. బోనాల పాటకి ఆషాఢం మొదలవకముందే, అయ్యప్ప పాటకి కార్తీకంలో మాలలు వేసుకునే ముందే, పెళ్లి పాటకి మాఘ ముహూర్తాలకి ముందే తేదీ పెట్టుకోండి. మేడారం జాతర రెండేళ్లకొకసారి కాబట్టి సమ్మక్క సారలమ్మ పాటకి ఖర్చు పెట్టేటప్పుడు వచ్చే జాతర ఏ ఏడాదో చూసుకోవాలి.

డిస్ట్రిబ్యూటర్‌కి పాట నాలుగు వారాల ముందు పంపండి. అప్పుడే కళాకారుల కోసం ఉన్న స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో పాటని ప్లేలిస్టుల సంపాదకులకి ప్రతిపాదించే వీలుంటుంది. కనీసం ఏడు రోజుల ముందు ప్రతిపాదిస్తే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్‌లో, అంటే కొత్త పాటల ప్లేలిస్టులో, పాట తప్పక వస్తుంది. వివరణకి 500 అక్షరాలే ఇస్తారు. 'హృదయాన్ని హత్తుకునే పాట' లాంటి మాటలతో దాన్ని వృథా చేయకండి. ఏ ప్రాంతపు పాట, ఏ సందర్భంలో పాడతారు, ఏ వాయిద్యాలున్నాయి, ఏ తేదీన ఏం ప్రచారం జరగబోతోంది, ఇవి రాయండి. స్పాటిఫైలో 12 నెలల్లో 1,000 వినికిళ్లు దాటని పాటకి రికార్డింగు రాయల్టీ ఇవ్వరు.

డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు

'లక్ష వ్యూస్ ఇంతకి' అని మెసేజ్ చేసేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వద్దు. ఆ వ్యూస్ ఎక్కడి నుంచో వస్తాయి, పది సెకన్లు ఉండి పోతాయి. పాటని ఎవరూ పూర్తిగా వినడం లేదని యూట్యూబ్‌కి అర్థమై అసలు తెలుగువాళ్లకి చూపించడం తగ్గుతుంది. స్పాటిఫైలో ఇలా దొంగ వినికిళ్లు బయటపడితే జరిమానా డిస్ట్రిబ్యూటర్ మీద పడుతుంది, అతను మీ దగ్గర వసూలు చేస్తాడు లేదా పాట దించేస్తాడు. ప్లేలిస్టులో చోటు గ్యారంటీ అనేవాళ్లదీ ఇదే తంతు.

గూగుల్ యాడ్స్‌కి పెట్టేట్టయితే మొదటి మూడు రోజులు రోజుకి 300 రూపాయల చొప్పున పెట్టి, పాట వాడుక ఉన్న జిల్లాలే ఎంచుకుని, ఎంతసేపు చూస్తున్నారో గమనించండి. నాలుగు నిమిషాల పాటని సగటున నిమిషం కూడా చూడకపోతే ప్రకటన ఆపేసి థంబ్‌నెయిల్, మొదటి 15 సెకన్లు మార్చండి. దర్శకుడి పేరు, సమర్పణ, కృతజ్ఞతలు అంటూ అర నిమిషం టైటిళ్లు నడిచే వీడియోలో జనం పాట మొదలవకముందే వెళ్లిపోతారు. ఆ పేర్లన్నీ చివర్లో వేయండి.

రీల్స్‌లో ఒక మెలకువ ఉంది. విడుదలకి ముందే పాటని సొంత వీడియోలో పెట్టి వదిలితే ఇన్‌స్టాగ్రామ్ దాన్ని 'ఒరిజినల్ ఆడియో'గా నమోదు చేస్తుంది. జనం ఆ ఆడియో వాడితే ఆ లెక్క మీ అసలు పాటకి కలవదు. టీజర్‌కి పల్లవి కాకుండా వేరే ముక్క వాడి, అసలు పల్లవిని డిస్ట్రిబ్యూటర్ ద్వారా లైబ్రరీలోకి వచ్చాకే రీల్‌గా చేయండి. డాన్స్ మాస్టర్లకి, మేకప్ ఆర్టిస్టులకి, పెళ్లి వీడియోగ్రాఫర్లకి ఆ ఆడియో లింకే పంపండి. పెళ్లి వీడియోగ్రాఫర్లు మన దగ్గర ఎవరూ సరిగ్గా పట్టించుకోని ప్రచారకర్తలు. మీ పాట మీద ఒక్కరు మంచి ప్రీ-వెడ్డింగ్ వీడియో చేస్తే ఆ సీజనంతా అది తిరుగుతుంది.

స్టేజీ

పిలుపు వచ్చినప్పుడు ధర చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ ఊరు, ఎన్ని గంటలు, లైవ్ బ్యాండా కరోకేనా, సౌండ్ ఎవరిది. రానుపోను, బస, భోజనం ధరలో కలిపారో లేదో వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉండాలి. తేదీ ఖాయం చేయడానికి సగం అడ్వాన్స్, మిగతా సగం స్టేజీ ఎక్కేముందు. ప్రోగ్రాం అయ్యాక పెళ్లింట్లో డబ్బు ఇచ్చే మనిషిని వెతుక్కోవడం కంటే ఇబ్బంది ఇంకొకటి లేదు. సౌండ్ వాళ్లకి ఒక కాగితం ముందే పంపండి: ఎన్ని మైకులు, ఎన్ని లైన్లు, కరోకే ఇచ్చే ల్యాప్‌టాప్‌ని మిక్సర్‌కి కలపడానికి రెండు డీఐ బాక్సులు, గాయకులకి తమ పాట తమకే వినిపించేలా కనీసం ఒక మానిటర్ స్పీకర్. మానిటర్ లేకపోతే ట్రాక్ ఆలస్యంగా వినిపించి శృతి, తాళం రెండూ తప్పుతాయి. జనరేటర్ మారేటప్పుడు ల్యాప్‌టాప్ ఆగకుండా దాని బ్యాటరీ నిండుగా పెట్టుకోండి.

ఆరుబయట రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కొన్ని పండగ రోజులకే ప్రభుత్వం 12 దాకా సడలింపు ఇస్తుంది. కాబట్టి మీ పేరు తెచ్చే పాటని చివరికి దాచుకోకండి. ఊరేగింపు ఆలస్యమై 9 గంటలకి మైకు చేతికిస్తే, ఆ పాట మూడోదిగా వచ్చేలా వరుస మార్చుకోండి.

అమెరికా తెలుగు సంఘాలు, తానా, ఆటా లాంటివి, రెండేళ్లకొకసారి మహాసభలు జరుపుతాయి. వాటి సాంస్కృతిక కమిటీలకి నెలల ముందే మూడు నిమిషాల స్టేజీ వీడియో పంపాలి, స్టూడియో వీడియో కాదు. విజిటర్ వీసా మీద డబ్బు తీసుకుని పాడకూడదు. మన జానపద, సంప్రదాయ కళాకారులకి సరిపోయేది పీ-3 వీసా, దానికి అక్కడి నిర్వాహకులే దరఖాస్తు చేయాలి. 'విజిటర్ మీద వచ్చేయండి, చూసుకుందాం' అంటే ఒప్పుకోవద్దు. పట్టుబడితే నష్టపోయేది మీరే.

లెక్కలు

కార్యక్రమాలకి పిలిచే కంపెనీలు, ఈవెంట్ సంస్థలు ఏడాదిలో 50,000 దాటిన వృత్తి పారితోషికం మీద సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయ పన్ను) పట్టుకుంటాయి. ఆ డబ్బు పోయినట్టు కాదు, మీ పాన్ మీద జమ అవుతుంది. మీ ఆదాయం పన్ను పరిధిలో లేకపోతే, రిటర్ను వేస్తే అది తిరిగి వస్తుంది. బిల్లు ఇచ్చేటప్పుడే పాన్ నంబరు రాయండి, లేకపోతే 20 శాతం పడుతుంది. మూడు నెలలకోసారి పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీ పాన్ మీద జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్ తెరిచి, పట్టుకున్న మొత్తం నిజంగా కట్టారో లేదో చూసుకోండి. కట్టకపోతే వెంటనే ఫోన్ చేయాలి, ఏడాది దాటాక ఎవరూ పలకరు. ఆదాయమంతా కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. స్టూడియో బిల్లులు, ప్రయాణ టికెట్లు, దుస్తుల రసీదులు, మైకు కొన్న బిల్లు, అన్నీ ఫోటో తీసి నెలవారీ ఫోల్డర్లలో వేసుకోండి. అలా ఉంచితేనే రిటర్ను వేసేటప్పుడు ఖర్చుగా చూపించగలరు, పాటకి పెట్టింది తిరిగి వచ్చిందో లేదో గాయనికి ఇవ్వాల్సిన ఆ 10 శాతం లెక్కకీ అవే ఆధారం.